పొట్ట మీద మెత్తటి చెయ్యి: ఆస్టియోపతితో అరుగుదల నిజంగా బాగుపడుతుందా?

ఈరోజు ఎపిసోడ్ పొట్ట గురించి. కరెక్టుగా చెప్పాలంటే, పొట్ట మీద చేతులు పెట్టి చేసే ఒక మెత్తటి వైద్యం గురించి. దాన్ని ఆస్టియోపతి అంటారు. అందులో కడుపు, పేగులు, లివరు లాంటి లోపలి అవయవాల కోసం చేసే భాగానికి విసరల్ ఆస్టియోపతి అని పేరు. రీల్స్‌లో చూసే ఉంటారు. ఒకాయన పేషెంటు పొట్ట మీద రెండు చేతులూ పెట్టి కళ్ళు మూసుకుంటాడు. వెనకాల ఫ్లూట్ మ్యూజిక్కు. కింద "మీ లివర్ డీటాక్స్ అవుతోంది" అని రాసుంటుంది. లక్షల్లో వ్యూస్.

నేను ఫిజియోథెరపిస్టుని. తార్నాకలో చిన్న గదిలో ప్రాక్టీసు. నా దగ్గరికి ఉస్మానియా యూనివర్సిటీ హాస్టళ్ళ నుంచి, చుట్టుపక్కల పీజీల నుంచి పిల్లలు చాలామంది వస్తారు. పీహెచ్‌డీ వాళ్ళు, గ్రూప్స్ రాసేవాళ్ళు, డీఎస్సీకి ప్రిపేర్ అయ్యేవాళ్ళు. వచ్చేది మెడ నొప్పికో నడుము నొప్పికో. అసలు సంగతి మాత్రం వెళ్ళేటప్పుడు, చెప్పులు వేసుకుంటూ, గుమ్మం దగ్గర చెప్తారు. "అక్కా, ఇంకో మాట అడగాల్నా? పొద్దున లేస్తే కడుపంత గట్టిగుంటది. మోషన్ సాఫ్‌గా కాదు. తిన్నా తినకున్నా ఉబ్బుతనే ఉంటది." ఆ వెంటనే ఫోన్ తీసి ఒక రీల్ చూపించి, "ఇది మీరు చేస్తరా?" అని అడుగుతారు.

చేస్తాను. నేను నేర్చుకున్నాను. కానీ చేసే ముందు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. అవన్నీ ఇంటి నుంచి నెలకి వచ్చే డబ్బుల్లోంచి సెషన్‌కి ఇంతని కట్టే పిల్లలకి ముందే తెలియాలి. అందుకే ఈ వీడియో.

మొదట "గ్యాస్" అనే మాటని కాస్త విడదీద్దాం. మనకి ఛాతీలో మంటగా ఉన్నా గ్యాసే, పొట్ట ఉబ్బినా గ్యాసే, మోషన్ రాకపోయినా గ్యాసే. అన్నిటికీ మెడికల్ షాపులో ఒకటే మాత్ర, పాంటోప్రజోల్. దాన్ని మనం గ్యాస్ టాబ్లెట్ అంటాం కానీ అది గ్యాస్‌ని తగ్గించేది కాదు. కడుపులో ఆసిడ్ తయారవ్వడాన్ని తగ్గిస్తుంది. ఛాతీ మంటకి, అల్సర్‌కి డాక్టర్ చెప్పినట్టు వాడితే మంచి మందే. మోషన్ రాక పొట్ట బిగుసుకుపోయినవాడు మూడు నెలలు వేసుకున్నా ఏం ఉపయోగం? సమస్య పెద్ద పేగులో ఉంటే మందు పనిచేసేది కడుపులో.

నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఎక్కువగా కనిపించేవి రెండు. ఒకటి మామూలు మలబద్ధకం. రెండోది ఐబీఎస్, అంటే పేగు చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ పనితీరు చెడుతుంది. స్కాన్‌లో ఏమీ కనపడదు. ఇంట్లోవాళ్ళు "అంతా నార్మలే అన్నారు కదరా, ఊరికే ఆలోచిస్తున్నావ్" అంటారు. నొప్పి మాత్రం నిజం. 2016లో వచ్చిన రోమ్ 4 ప్రమాణాల ప్రకారం దీనికో లెక్కుంది. గత మూడు నెలల్లో వారానికి సగటున ఒక రోజైనా పొట్ట నొప్పి ఉండాలి. ఆ నొప్పికి మోషన్‌తో సంబంధం ఉండడం, మోషన్ ఎన్నిసార్లు వస్తుందన్నది మారడం, అది గట్టిగానో పల్చగానో మారడం, ఈ మూడింట్లో కనీసం రెండు ఉండాలి. మొదలై ఆరు నెలలైనా అయ్యుండాలి. అది తేల్చాల్సింది డాక్టరు. నేను కాదు, రీల్ చేసినాయనా కాదు.

ఇప్పుడు ఆస్టియోపతి ఎక్కడిదో చూద్దాం. అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టర్ ఉండేవాడు. 1864లో మెదడు పొరల జబ్బుతో ఆయన పిల్లలు ముగ్గురు చనిపోయారు. అప్పటి మందుల్లో పాదరసం లాంటివి కూడా ఉండేవి, రోగం కంటే మందే ఎక్కువ చంపేది. ఆయనకి ఆ వైద్యం మీద నమ్మకం పోయింది. ఎముకలు, కండరాలు, రక్తప్రసరణ సరిగ్గా ఉంటే శరీరం తనని తాను బాగుచేసుకుంటుందని 1874లో కొత్త పద్ధతి ప్రకటించాడు. 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కర్క్స్‌విల్‌లో కాలేజీ పెట్టాడు. పొట్ట లోపలి అవయవాల మీద ప్రత్యేకంగా చేసే పద్ధతి చాలా తర్వాత వచ్చింది. దాన్ని ప్రపంచమంతా తిప్పింది జాన్ పియర్ బరాల్ అనే ఫ్రెంచ్ ఆస్టియోపతు, 1980ల నుంచి.

ఇక్కడొక తేడా గమనించండి. అమెరికాలో డీవో డిగ్రీ అంటే పూర్తి డాక్టరే, ఆపరేషన్లు చేస్తారు, మందులు రాస్తారు. బ్రిటన్‌లో ఆస్టియోపతులకి 1993లో వచ్చిన ప్రత్యేక చట్టం ఉంది, రిజిస్టర్ ఉంది. మన దేశంలో ఆయుష్ కింద ఆయుర్వేదం, యోగా, ప్రకృతి వైద్యం, యునాని, సిద్ధ, సోవా రిగ్పా, హోమియో ఉన్నాయి. ఆస్టియోపతి లేదు. ఒడిశాలో కటక్ దగ్గర శ్రీ శ్రీ యూనివర్సిటీలో డిగ్రీ కోర్సు నడుస్తోంది. ఇక్కడ చేసేవాళ్ళలో నాలాగా ఫిజియోథెరపీ చదివి, తర్వాత ఇది నేర్చుకున్నవాళ్ళున్నారు. ఒక వీకెండ్ వర్క్‌షాప్‌కి వెళ్ళొచ్చి బోర్డు పెట్టినవాళ్ళూ ఉన్నారు. కాబట్టి ఎవరి దగ్గరికెళ్ళినా "మీ అసలు డిగ్రీ ఏంటండీ?" అని అడగడానికి మొహమాటపడొద్దు. నన్నూ అడగండి. ఫ్రేమ్ కట్టించి గోడకి పెట్టింది అందుకే.

అయినా పొట్ట మీద చెయ్యి వేయడం మనకి కొత్తేం కాదు. పసిపిల్లలకి నీళ్ళు పోసేటప్పుడు మన అమ్మమ్మలు ఏం చేసేవాళ్ళు? కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, పొట్ట చుట్టూ అరచెయ్యి గుండ్రంగా తిప్పి, రెండు మోకాళ్ళూ మడిచి పొట్టకి ఆనించేవాళ్ళు. బిడ్డ పొట్టలో గాలి బయటికొచ్చేది, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ చేతికి థియరీ లేదు కానీ పని తెలుసు.

ఇక సెషన్‌లో ఏం జరుగుతుందో చెప్తాను. మీరు వెల్లకిలా పడుకుంటారు, మోకాళ్ళ కింద దిండు. అప్పుడు పొట్ట కండరాలు వదులవుతాయి. నేను మొదట చేతులు పెట్టేది పొట్ట మీద కాదు, పక్కటెముకల అంచు మీద. అక్కడ లోపల డయాఫ్రమ్ ఉంటుంది, గొడుగులాగా. మీరు ఊపిరి పీల్చినప్పుడల్లా అది కిందకి దిగి లివర్‌నీ కడుపునీ పేగుల్నీ కాస్త నొక్కుతుంది, వదిలినప్పుడు పైకి పోతుంది. రోజుకి దాదాపు 20,000 సార్లు. అంటే మీ పేగులకి లోపలి నుంచే మసాజ్ జరుగుతుండాలి. పొద్దున తొమ్మిదింటికి లైబ్రరీలో కుర్చీలో ముడుచుకుని కూర్చుని రాత్రి దాకా లేవని పిల్లల్లో ఆ గొడుగు సగమే తెరుచుకుంటుంది. ఊపిరంతా ఛాతీ పైభాగంలోనే. చెయ్యి పెట్టగానే తెలిసిపోతుంది. అందుకని మొదటి పది నిమిషాలు ఊపిరి మీదే పని.

తర్వాత పొట్ట. ఒత్తిడి ఎంతుండాలంటే, మామిడిపండు మెత్తబడిందో లేదో చూడ్డానికి బొటనవేలితో ఎంత నొక్కుతాం? అంతే. కాయ కమిలిపోయేలా నొక్కితే అది ఆస్టియోపతి కాదు. మీరు "అమ్మా" అన్నారంటే నేను తప్పు చేస్తున్నట్టు. పెద్ద పేగు దారి ఇలా వెళ్తుంది, నా చెయ్యి చూడండి. కుడివైపు కింద, తుంటి ఎముక లోపలి పక్కన మొదలై పైకి, పక్కటెముకల దాకా. అక్కడి నుంచి అడ్డంగా ఎడమవైపుకి. మళ్ళీ ఎడమవైపు కిందకి. మొత్తం ఐదడుగుల దాకా ఉంటుంది. మన చెయ్యి కూడా అదే దారిలో, అంటే ఎదుటివాళ్ళు చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కులో పోవాలి. మలబద్ధకం ఉన్నవాళ్ళలో ఎడమవైపు కింద తరచుగా గట్టిగా, తాడులాగా తగులుతుంది. అక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

ఇదంతా ఎందుకు పనిచేస్తుంది? ఇక్కడే రీల్స్ వాళ్ళకీ నాకూ పడదు. వాళ్ళు చెప్పేదేంటంటే, మీ అవయవం జరిగిపోయింది, అతుక్కుపోయింది, చేత్తో దాన్ని మళ్ళీ చోటులో పెడుతున్నాం అని. మన ఊళ్ళలో "బొడ్డు జరిగింది" అనేవాళ్ళు చూడండి, అదే మాట ఫ్రెంచ్ యాసలో. పేగులు సిమెంటు వేసి బిగించినవి కావు. పొర మీద వేలాడుతూ రోజంతా కదులుతూనే ఉంటాయి. కిడ్నీలు కూడా ఊపిరితో పాటు పైకీ కిందకీ జరుగుతాయి. బయటి నుంచి చర్మం, కొవ్వు, కండరం దాటి లోపలున్న అవయవం తాలూకు సూక్ష్మమైన లయ నా వేళ్ళకి తెలుస్తుందని నేను మీకు చెప్తే, పక్క గదిలో ఇంకో ఆస్టియోపతు కూడా అదే చెప్పాలి కదా? పరిశోధకులు ఇదే చూశారు. 2018లో ఫ్రాన్స్ వాళ్ళు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ వడపోసి ఒక సమీక్ష రాశారు. ఒకే పేషెంటుని ఇద్దరు చూస్తే ఇద్దరి మాటా కలుస్తుందని నమ్మకంగా చెప్పే ఆధారం లేదన్నారు. వైద్యం ఫలితం మీద కూడా గట్టి ఆధారం దొరకలేదన్నారు.

మరి అంతకు ముందు, 2014లో, ఐబీఎస్ మీద జరిగిన ఐదు పరిశోధనల్ని కలిపి చూసిన ఇంకో సమీక్ష లాభం ఉండొచ్చంది. అందులో మొత్తం పేషెంట్లు 204 మంది. ఐదు పరిశోధనలూ కలిపినా మన ఆర్ట్స్ కాలేజీలో ఒక పెద్ద క్లాసులో పట్టేంత మంది. కాబట్టి "సైన్స్ ప్రూవ్ చేసింది" అనే మాట ఎవరైనా అంటే అది పూర్తి నిజం కాదు. "అంతా బోగస్" అన్నా కూడా నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

మీ పేగు గోడల్లో పది కోట్లకు పైగా నాడీకణాలు ఉన్నాయి. వాటికీ మెదడుకీ మధ్య వేగస్ అనే పెద్ద నరం నడుస్తుంది. విచిత్రం ఏంటంటే, దానిలో ఎక్కువ తీగలు మెదడు నుంచి పొట్టకి ఆర్డర్లు తెచ్చేవి కావు, పొట్ట నుంచి మెదడుకి కబుర్లు మోసేవి. ఐబీఎస్ ఉన్నవాళ్ళలో ఈ లైను వాల్యూమ్ పెరిగిపోయి ఉంటుంది. మామూలు మనిషికి పట్టనంత గాలి కదిలినా వాళ్ళకి నొప్పి. పరీక్ష నోటిఫికేషన్ వచ్చిందంటే వాల్యూమ్ ఇంకాస్త పైకి. ఇక మన చర్మంలో కొన్ని నరాలున్నాయి, అవి నెమ్మదిగా నిమిరితేనే స్పందిస్తాయి. సెకనుకి 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగం. గబగబా రుద్దితే వాటికి పట్టదు. అమ్మ తల నిమిరే వేగం అన్నమాట. ఆ వేగంతో పొట్ట మీద చెయ్యి కదిలి, ఊపిరి లోతుగా దిగుతుంటే, శరీరం కంగారు మోడ్‌లోంచి అరుగుదల మోడ్‌లోకి రావడానికి దారి పడుతుంది. గుర్రుమని పొట్టలో చప్పుడు మొదలవుతుంది. పిల్లలు సిగ్గుపడతారు కానీ నాకు అది వినడమే ఇష్టం.

ఇంకో పరిశోధన, నాకు చాలా నచ్చింది. 2008లో అమెరికాలో, బోస్టన్ వాళ్ళు చేశారు. ఐబీఎస్ ఉన్న 262 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుని ఊరికే వెయిటింగ్ లిస్టులో పెట్టారు. రెండో గుంపుకి ఉత్తుత్తి ఆక్యుపంక్చర్ చేశారు, సూది లోపలికి దిగదు, మాటలు కూడా పొడిపొడిగా. మూడో గుంపుకి అదే ఉత్తుత్తి సూది, కానీ చేసేవాళ్ళు కూర్చుని, వాళ్ళ బాధ వివరంగా విని, ఆప్యాయంగా మాట్లాడారు. మూడు వారాల తర్వాత తగినంత ఉపశమనం ఉందన్నవాళ్ళు మొదటి గుంపులో 28 శాతం, రెండోదాంట్లో 44, మూడోదాంట్లో 62. సూది ఏ గుంపులోనూ లేదు. తేడా వచ్చింది వినడం వల్ల.

ఇది విని కొంతమంది "అయితే అంతా మనసులోనే అన్నమాట" అంటారు. నేనట్లా అర్థం చేసుకోను. పేగుకీ మెదడుకీ మధ్య వైరు నిజమైనప్పుడు, ఆ వైరు చల్లబడితే పేగు చల్లబడడం కూడా నిజమే. మూడు నిమిషాల్లో ప్రిస్క్రిప్షన్ రాయించుకుని బయటికొచ్చే పిల్లాడికి, నలభై నిమిషాలు ఒక మనిషి తన పొట్ట గురించే అడుగుతూ కూర్చోవడం మందులాగే పనిచేస్తుంది. దానికి నేను ఫీజు తీసుకుంటున్నాను, కానీ "మీ లివర్‌ని చోటులో పెట్టాను" అని చెప్పి కాదు. ఆ మాట చెప్తే మీరు జీవితాంతం నా దగ్గరికే రావాలి. లివరు మళ్ళీ జరుగుతుందేమోనని భయం పెట్టాను కదా!

సరే. ఇప్పుడు ముఖ్యమైన భాగం, దయచేసి స్కిప్ చేయకండి. పొట్ట మీద చెయ్యి వేయకూడని సందర్భాలు.

ఒక అబ్బాయి వచ్చాడు, పీజీ చదువుతున్నాడు. ఊరూ పేరూ చెప్పను. "అక్కా, మసాజ్ చేస్తే తగ్గుతదట" అన్నాడు. బెల్టుకి కొత్తగా రెండు బొక్కలు పొడిచాడు. అడిగితే నాలుగు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గానన్నాడు, డైటింగ్ ఏం లేదు. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడుతుందట. నొప్పి కుడివైపు కింద. నేను పొట్ట ముట్టుకోలేదు. ఫీజూ తీసుకోలేదు. లెటర్ రాసిచ్చి గ్యాస్ట్రోఎంటరాలజీ డాక్టర్ దగ్గరికి పంపించాను. కొలనోస్కోపీ చేసి, ముక్క తీసి పరీక్షకి పంపితే పేగు టీబీ అని తేలింది. టీబీ అంటే ఊపిరితిత్తులకే అనుకుంటాం, పేగులకీ వస్తుంది, మన దేశంలో అరుదేం కాదు. ఆరు నెలల మందులు, ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. వాడాడు, తగ్గింది. ఇప్పుడు బొద్దుగా ఉన్నాడు. అతను ఇంకో మూడు నెలలు నా దగ్గరో ఇంకొకరి దగ్గరో పొట్ట నిమిరించుకుంటూ హాయిగానే ఉందనుకునేవాడు. నిమిరితే హాయిగానే ఉంటుంది మరి, టీబీ ఉన్నా కూడా. అదే ప్రమాదం.

అందుకని ఇవి ఉంటే ముందు డాక్టరు, తర్వాతే ఇంకేదైనా. ఏమీ చేయకుండానే బరువు తగ్గడం. మోషన్‌లో రక్తం, లేదా తారులాగా నల్లగా పోవడం. జ్వరం. నిద్రలోంచి లేపేసే నొప్పి, నిద్రలోంచి లేపే విరేచనాలు. ఆగని వాంతులు. మింగడం కష్టమవడం. కళ్ళు పచ్చబడడం. రక్తం తక్కువుందని రిపోర్ట్ రావడం. ఇంట్లో ఎవరికైనా పెద్ద పేగు క్యాన్సర్ ఉండడం. ఇక బొడ్డు దగ్గర మొదలై కొన్ని గంటల్లో కుడివైపు కిందకి దిగి, దగ్గినా అడుగేసినా గుచ్చే నొప్పి అయితే అది అపెండిసైటిస్ కావచ్చు. రుద్దొద్దు, ఆముదం తాగొద్దు, రాత్రయినా సరే క్యాజువాల్టీకి వెళ్ళండి. తార్నాక నుంచి గాంధీ ఆసుపత్రి దూరం కాదు. గాంధీలోనూ, ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలోనూ గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగాలు ఉన్నాయి. లైనులో నిలబడాలి నిజమే. నిలబడండి.

గర్భం ఉన్నా, ఉందేమో అని అనుమానం ఉన్నా, హెర్నియా ఉన్నా, ఈ మధ్య పొట్టకి ఆపరేషన్ అయినా కూడా ఇది వద్దు. ఆడపిల్లలకి ఇంకో మాట. ఎన్ని వారాలైనా తగ్గని ఉబ్బరం అండాశయం వల్ల కూడా రావచ్చు, ఒక అల్ట్రాసౌండ్ చేయించుకోండి. అలాగే, ఈ ట్రీట్‌మెంట్‌కి బట్టలు విప్పాల్సిన పనే లేదు. పల్చటి టీషర్టు మీద నుంచే చేస్తాం. ఎక్కడ చెయ్యి పెడుతున్నారో ముందే చెప్పాలి, మీరు సరే అన్నాకే పెట్టాలి. మీతో ఫ్రెండ్‌ని లోపలికి రానివ్వాలి. రానివ్వనన్నారంటే అక్కడి నుంచి వచ్చేయండి, డబ్బులు పోయినా పర్లేదు. ఇది మగపిల్లలకీ వర్తిస్తుంది.

ఇంకో నిజం చెప్తాను, నా బిజినెస్‌కి దెబ్బే అయినా. డాక్టర్ చూసి ప్రమాదం ఏమీ లేదన్నాక, నేను చేసేదాంట్లో చాలా భాగం మీరే హాస్టల్ మంచం మీద చేసుకోవచ్చు. పొద్దున లేవగానే గ్లాసుడు గోరువెచ్చటి నీళ్ళు తాగి పడుకోండి, మోకాళ్ళు మడిచి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి బొడ్డు మీద. ఊపిరి పీలిస్తే కింద చెయ్యి లేవాలి, పై చెయ్యి కదలకూడదు. నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఇరవై సార్లు చాలు. తర్వాత అరచెయ్యి కుడివైపు కింద పెట్టి, ఇందాక చెప్పిన దారిలో, పైకి, అడ్డంగా, ఎడమవైపు కిందకి. నెమ్మదిగా, ఐదు నిమిషాలు. నూనె ఉంటే మంచిది, లేకపోయినా ఏం కాదు. నిండు పొట్ట మీద చేయకండి. నొప్పి వస్తే ఆపేయండి.

ఆ తర్వాత టిఫిన్. టిఫిన్ చేసిన అరగంట లోపు పెద్ద పేగులో ఒక కదలిక వస్తుంది. కడుపులోకి తిండి దిగగానే కింద ఖాళీ చేయమని పేగుకి సిగ్నల్ వెళ్తుంది, ప్రకృతి ఏర్పాటు. సరిగ్గా అప్పుడే మన పిల్లలు ఏం చేస్తారు? హాస్టల్లో బాత్రూం ముందు క్యూ ఉందని, క్లాసుకి లేటవుతుందని బిగపట్టుకుని వెళ్ళిపోతారు. నాలుగు రోజులు బిగపడితే ఐదో రోజు ఆ సిగ్నల్ నీరసపడుతుంది. నేను చూసిన మలబద్ధకాల్లో చాలావాటికి అసలు కారణం ఈ క్యూనే. దీనికి ఆస్టియోపతి ఏం చేస్తుంది చెప్పండి? అరగంట ముందు లేవడమే మందు. ఇండియన్ టాయిలెట్ ఉంటే దాన్నే వాడండి. గొంతుక్కూర్చుంటే మలద్వారం దగ్గర మడత తిన్నగా అవుతుంది, ముక్కాల్సిన పని తగ్గుతుంది. వెస్టర్న్ అయితే కాళ్ళ కింద చిన్న పీట వేసుకోండి. ఫోన్ బయట పెట్టి వెళ్ళండి. ఈ వీడియో అక్కడ కూర్చుని చూస్తున్నవాళ్ళుంటే, ఆపేసి తర్వాత చూడండి.

తిండి గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే మన క్యాంపస్ పక్కనే, తార్నాకలోనే చెప్పేవాళ్ళున్నారు. జాతీయ పోషకాహార సంస్థ, ఎన్ఐఎన్. జామియా ఉస్మానియా రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో. 1918లో తమిళనాడులోని కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధన కోసం రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న యూనిట్ అది, 1958లో హైదరాబాద్ వచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీ పుట్టింది కూడా 1918లోనే, ఇద్దరిదీ ఒకే ఈడు. 2024లో ఎన్ఐఎన్ ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజుకి 2000 కేలరీలు తినేవాళ్ళకి కూరగాయలు, ఆకుకూరలు, పళ్ళు అన్నీ కలిపి 500 గ్రాములు కావాలి. మెస్‌లో కొండంత అన్నం, పల్చటి సాంబారులో రెండు సొరకాయ ముక్కలు, రాత్రి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. 500 గ్రాములు ఎక్కడి నుంచి వస్తాయి? రోడ్డు మీద బండి దగ్గర రెండు జామకాయలు కొనుక్కోండి, గింజలతో సహా తినండి. ఒక్కసారిగా పీచు పెంచేస్తే ఉబ్బరం ఇంకా ఎక్కువవుతుంది, రెండు మూడు వారాలు తీసుకుని మెల్లగా పెంచండి. ఐబీఎస్ వాళ్ళకి గోధుమ పొట్టు కంటే ఇసబ్‌గోల్ పడుతుంది, నీళ్ళు బాగా తాగుతూ.

ఇవన్నీ నెల రోజులు చేసినా ఇంకా బిగువుగానే ఉందంటే, ఎవరైనా చెయ్యి తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చు. మూడు నాలుగు సెషన్లకి తేడా తెలియాలి. తెలియకపోతే ఆపేయండి. మొదటి రోజే పది సెషన్ల ప్యాకేజీ అన్నా, వేసుకుంటున్న మందులు మానేయమన్నా అక్కడ ఉండకండి. మందు ఆపాలా వద్దా అన్నది రాసిన డాక్టర్‌నే అడగాలి.

మొన్న ఒకమ్మాయి అడిగింది, పీరియడ్స్ టైంలో ఈ పొట్ట మసాజ్ చేసుకోవచ్చా అని. నొప్పి లేకుండా తేలిగ్గా నిమురుకోవచ్చు, హాట్ వాటర్ బ్యాగ్ పెట్టుకోవచ్చు, గట్టిగా నొక్కకూడదు. ఆ రోజుల్లో మోషన్ ఎందుకు పల్చబడుతుందో వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటానండి.